కంచరివీధి మూగవారం

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెప్తాను. మధ్యలో కునికిపాట్లు పడ్డారో, లేచి వెళ్ళిపోతాను. నా సంగతి మీకు తెలుసు.

అనగా అనగా, మీ తాతల తాతలకి పాలపళ్ళయినా రాకముందు, ఈ ఏటి ఒడ్డున పెద్ద పట్నం. ఆ పట్నంలో మన కంచరివీధి. ఇంటింటా కొలిమి. పొద్దస్తమానం కంచు కరగడం, గంటలు పోయడం.

ఏటికి అవతల కొండల్లో నూకాలని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు, గవరయ్య. పశువులు కాసేవాడు. వాళ్ళ పశువుల మెడలో చెక్కగంటలే తప్ప కంచుగంట ఎరగరు. ఒకసారి సంతలో కంచుగంట మోగితే విన్నాడు. ఇంక చూసుకోండి! వాడికి తిండి లేదు, నిద్ర లేదు.

"అమ్మా, పట్నం పోయి గంటలు పోయడం నేర్చుకుంటానే" అన్నాడు.

నూకాలు మూడు రోజులు తిట్టింది. మూడు రోజులు ఏడ్చింది. ఆఖరికి మూట కట్టింది. ఇంట్లో చెక్కగంటల జత ఉంటే ఒకటి వాడి మూటలో వేసింది, రెండోది తన మెడలో కట్టుకుంది.

"పోతే పో. పని పూర్తిగా నేర్చుకునే రా. సగంలో తిరిగొచ్చావో, గుమ్మం తొక్కనివ్వను" అంది.

అది కడుపులో బాధ, కోపం కాదు. చిన్న గుంటడు, వాడికేం తెలుసు? ఆ మాటని ఉన్నదున్నట్టు పట్టుకుని పడవెక్కాడు.

ఇక మన వీధి సంగతి వినండి. సిగ్గుపడుతూ వినండి. ఆ రోజుల్లో ఇక్కడ మూగవారమని ఒక కట్టుబాటు ఉండేది. పని నేర్చుకోడానికి ఎవరొచ్చినా వారం పాటు నోరు తెరవకూడదు. వాళ్ళని ఎవరూ పలకరించకూడదు. పేరు కూడా అడక్కూడదు. వారం గడిచాక, తెల్లారగానే వీధంతా చేరి, నోట్లో బెల్లంముక్క పెట్టి, "నీ పేరేంటి నాయనా?" అని అడిగేవారు. అప్పుడే వాడు వీధిమనిషి. ఈలోగా ఒక్క మాట జారాడా, వచ్చిన పడవలోనే వెనక్కి.

వీధి మొదట్లోనే పెద్ద కంచరి కామోజు ఈ సంగతంతా చెప్పాడు. "కబుర్లాడుతూ కూర్చుంటే పని చూసేదెప్పుడురా? ఇక నోరు మూసుకో" అన్నాడు. గవరయ్య తలూపాడు. వాడి పేరు వాడి నోట్లోనే ఉండిపోయింది.

మొదటి రోజు దాహం వేసింది. బావి ఎక్కడో తెలీదు. అడుగుదామంటే నోరు తెరవకూడదు. అమ్మ గుమ్మం గుర్తొచ్చింది. ఊరుకున్నాడు.

మర్నాడు దారి తప్పాడు. అన్నీ ఒకేలాంటి సందులు, ఒకేలాంటి అరుగులు. పొద్దు వాలేదాకా ఎండలో తిరిగాడు. అడుగుదామంటే నోరు తెరవకూడదు. అమ్మ గుమ్మం గుర్తొచ్చింది. ఊరుకున్నాడు.

ఆ మర్నాడు జ్వరం వచ్చింది. కొలిమి పక్కన కూర్చున్నవాడి ఒళ్ళు కాలిపోతోందని ఎవరు కనిపెడతారు? అక్కడ అందరి మొహాలూ ఎర్రగానే ఉన్నాయి, అందరికీ చెమటలే. చెబుదామంటే నోరు తెరవకూడదు. అమ్మ గుమ్మం గుర్తొచ్చింది. ఊరుకున్నాడు.

వంట చేసే ఆదెమ్మ వాడికి అరుగు మీద విస్తరిలో అన్నం పెట్టేది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది, కాకులు తినేవి. "ఒంట్లో బాగాలేదా నాయనా?" అని అడగబోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అడిగితే వాడు బదులు చెప్తాడు, చెప్తే పంపించేస్తారు. వాడి మేలు కోరే మింగేసింది, మహాతల్లి!

వారం గడిచింది. తెల్లారింది. వాడు అరుగు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. వీధంతా బెల్లంముక్కలు పట్టుకుని వచ్చింది.

"నీ పేరేంటి నాయనా?" అన్నాడు కామోజు. పలకలేదు.

"ఇంక మాట్లాడొచ్చురా, నీ పేరేంటి?" అన్నాడు. పలకలేదు.

మూడోసారి భుజం పట్టి కుదిపాడు. భుజం చల్లగా తగిలింది.

కామోజు బెల్లం కింద పడేసి బావురుమన్నాడు. నీళ్ళు వదులుదామంటే ఏ పేరు చెప్పి వదలాలి? ఏ ఊరికి కబురంపాలి? పడవవాడిని అడిగితే "అవతల ఒడ్డున ఎక్కాడు, అంతే తెలుసు" అన్నాడు. పేరు లేకుండానే పూడ్చారు. వాడి మూట ఆదెమ్మ దాచింది.

అక్కడ కొండల్లో నూకాలు ఎదురుచూసింది. ఒక వాన వెళ్ళింది, ఇంకో వాన వెళ్ళింది. "పూర్తిగా నేర్చుకునే రమ్మన్నాను కదా, నేర్చుకుంటున్నాడు" అనుకునేది. సంతలో కంచుగంట మోగితే "ఇది మావాడు పోసిందేమో" అని నిలబడి వినేది. అయ్యో! కాసిని మంచినీళ్ళివ్వండి.

జుట్టు నెరిశాక, ఇక ఉండబట్టలేక తనే వచ్చింది. కొడుకు పెద్ద పనివాడై ఉంటాడని ఆవిడ ధీమా.

"గంటలు పోసే గవరయ్య ఇల్లేదమ్మా?" అని వీధి మొదట అడిగింది. "ఆ పేరుగలాయన లేడమ్మా" అన్నారు.

"గంటలు పోసే గవరయ్య ఇల్లేది బాబూ?" అని వీధి నడిమధ్య అడిగింది. "లేడమ్మా" అన్నారు.

వీధి చివర కామోజు కోడలిని అడిగింది. "గంటలు పోసేవాళ్ళందరూ మాకు తెలుసు. గవరయ్యంటూ ఎవరూ లేరమ్మా" అంది కోడలు.

ఎవరూ అబద్ధమాడలేదు. అదే నా ఏడుపు.

"అయితే వేరే పట్నం పోయుంటాడులే, వెతుక్కుంటాను" అని నూకాలు రేవుకి నడిచింది.

ఆదెమ్మ అప్పుడే తోట నుంచి విస్తరాకులు కోసుకుని వచ్చింది. "ఎవరో కొండావిడ వచ్చింది పెద్దమ్మా. మెడలో పశువుకి కట్టే చెక్కగంట కట్టుకుంది. గవరయ్య కావాలట. లేడని చెప్పాను" అంది కోడలు.

"చెక్కగంటా?" ఆదెమ్మ చేతిలో ఆకులు జారిపోయాయి. మూట విప్పి, గంట తీసుకుని, ముసలి కాళ్ళతో పరిగెత్తింది. రేవుకి చేరేసరికి పడవ నడి ఏట్లో ఉంది.

ఏం చెప్పి వెనక్కి పిలవాలి? పోయాడని ఎలా అరవాలి? 

"ఉన్నాడమ్మా! గవరయ్య ఉన్నాడమ్మా! మా దగ్గరే ఉన్నాడు!" అని అరిచింది. గంట ఊపింది. చెక్కగంట చప్పుడు ఏరు దాటుతుందా? పడవ ఆగలేదు.

వెనకాలే మనుషులు వెళ్ళి కొండలన్నీ గాలించారు. నూకాలు అనే పేరు తెలిసింది గానీ, నూకాలు దొరకలేదు. ఏ పట్నాల్లో, ఎవరి గుమ్మాల్లో అడుగుతూ పోయిందో!

మూగవారం ఆనాటితో పోయింది. ఇప్పుడు మన వీధికి ఎవరొచ్చినా, కాళ్ళు కడుక్కోకముందే పేరు అడుగుతాం, తల్లి పేరు అడుగుతాం. రేవుకి తీసుకెళ్ళి "ఫలానా తల్లి బిడ్డ ఇక్కడున్నాడు" అని అవతలి ఒడ్డుకి వినపడేలా కేకేస్తాం. ఆ తర్వాత పెద్దవాళ్ళలో ఒకరు "నూకాలు కొడుకు గవరయ్య!" అంటారు. వీధంతా "ఉన్నాడమ్మా!" అంటుంది.

అవతల నుంచి ఇంతవరకూ ఎవరూ పలకలేదు. అయినా గొంతు పోయేదాకా అరుస్తాం.