నలభై మూడో ఎత్తు

మేడికుర్తి సంస్థానం రాజా సోమభూపతిగారికి చదరంగం పిచ్చి. ఒకరోజు కొలువు తీరగానే ఆజ్ఞ జారీ చేశారు.

"ఏకాంబరం రాసిన 'నూటొక్క ఎత్తులు' పుస్తకానికి వంద నకళ్లు రాయించండి. ఊరూరికీ పంపండి."

ఏకాంబరం చదరంగంలో ఉద్దండుడు. పోయి పదేళ్లయింది. తాటాకుల మీద ఆయన రాసిన ఆ పుస్తకం ఒకప్పుడు చాలా ఇళ్లలో ఉండేది. కొన్ని ప్రతులు చెదలు తిన్నాయి, కొన్ని వానకు పాడయ్యాయి. చివరికి రాజుగారి దగ్గరున్న ఒక్కటే మిగిలింది. అదీ ఏకాంబరం స్వయంగా రాసింది.

రాయసగాళ్లు గంటాలు తీశారు. అంతలో ఆస్థాన పండితుడు సర్వేశ్వరశాస్త్రి లేచాడు.

"ఏలినవారు మన్నించాలి. ఆ పుస్తకం మీద హక్కు నాది. ఏకాంబరంగారికి నేను ముఖ్యశిష్యుణ్ణి. పోయేముందు నా చెవిలో చెప్పి మరీ నాకిచ్చారు. నకలు తీస్తే మొదట నా మీద ఇరవై పద్యాలు ఉండాలి. కష్టం లేకుండా వాటిని నేనే రాసి ఉంచాను."

ఈ మాట ఊళ్లో పాకింది. మర్నాడు ఏకాంబరం కూతురు సుభద్రమ్మ కొలువుకు వచ్చింది. విస్తళ్లు కుట్టుకుని బతికే మనిషి.

"అది మా నాన్న పుస్తకం బాబుగారూ. నాకు పద్యాలేమీ వద్దు. ఆయన పేరుంటే చాలు," అంది.

హక్కు రాసిచ్చిన ఆకు ముక్క ఇద్దరి దగ్గరా లేదు.

రాజుగారు తల పట్టుకున్నారు. "హక్కుదారు ఎవరో తేలకుండా నకలు తీస్తే దొంగతనం. తీయకపోతే ఈ ఒక్క ప్రతీ చెదలపాలు. ఏం చేద్దాం?"

రాజుగారికి తాంబూలం అందించే బంగారయ్య ఆకుకు సున్నం రాస్తూ, "నేనొక మాట అడగొచ్చా ప్రభూ?" అన్నాడు.

"అడుగు."

బంగారయ్య తాంబూలం రాజుగారి చేతికిచ్చి సభవైపు తిరిగాడు.

"పోయిన నెల పొరుగు రాజుగారితో పందెం కాసి ఏలినవారు పట్టపుటేనుగును ఓడిపోయారు. ఆనాడు ఆడింది ఈ పుస్తకంలోని నలభై మూడో ఎత్తే. ఉన్నది ఉన్నట్టు ఆడినా ఓడారంటే ఆ ఎత్తు తప్పన్నమాట. పుస్తకం ఎవరిదో తప్పూ వారిదే. ఏనుగు లేదు గనక ఈ దసరాకు అంబారీ హక్కుదారే మోయాలని ఏలినవారి ఆజ్ఞ."

అలాంటి శిక్ష తానెప్పుడు వేశారో రాజుగారికి గుర్తు రాలేదు. నోటినిండా తాంబూలం ఉంది కాబట్టి తల ఊపి ఊరుకున్నారు.

శాస్త్రి మెల్లగా అడిగాడు. "అంబారీ బరువెంత?"

"ఏలినవారు ఎక్కకముందు పదిహేను మణుగులు."

"ముఖ్యశిష్యుణ్ణని అన్నానా నేను?" అన్నాడు శాస్త్రి. "పొరపాటు. మజ్జిగ తాగడానికి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి, అంతే. గుర్రమెలా నడుస్తుందో కూడా నాకు తెలీదు!"

సుభద్రమ్మ ముందుకొచ్చింది. నలభై మూడో ఆకు తీసి, తండ్రి దస్తూరీ చూసి ఒక్క క్షణం ఆగింది.

"తప్పే బాబుగారూ. మంచంలో ఉండగా నాన్నకే తెలిసింది. దిద్దేలోపు పోయాడు. ఆయన తప్పు నాది కాకపోతే ఇంకెవరిది? అంబారీ ఎత్తండి, మోస్తాను. ముందు ఒకసారి బల్ల వేయించండి."

బల్ల వేశారు. ఆమె బలగాన్ని పేర్చింది.

"ఇక్కడ గుర్రం కాదు, ముందు శకటు కదలాలి. ఆ తరవాతే గుర్రం."

నాలుగే ఎత్తులు. అవతలి రాజుకు కదలడానికి గడి లేదు. సోమభూపతిగారు సింహాసనం దిగి వచ్చి, బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు.

"బాగుంది. కానీ బంగారయ్యా, హక్కు సంగతి తేలలేదుగా?"

బంగారయ్య చేతులు కట్టుకున్నాడు.

"హక్కు అన్నప్పుడు ఇద్దరు లేచారు ప్రభూ. తప్పు అన్నప్పుడు ఒక్కరే నిలబడ్డారు."

రాజుగారు నవ్వారు. సభంతా నవ్వింది.

దిద్దిన ఎత్తుతో, ఏకాంబరం పేరుతో నకళ్లు రాసుకోవడానికి సుభద్రమ్మ అక్కడికక్కడే ఒప్పుకుంది. రాజుగారు తన భుజం మీది శాలువా తీసి బంగారయ్యకు కప్పారు.

శాస్త్రి కూడా నవ్వాడు. రాజుగారు నవ్వుతుంటే నవ్వకుండా ఉండే హక్కు ఆయనకు లేదు.