మంచుదేశంలో చామంతి

తంగేడుకోన అనే అడవిలో నెమళ్లు, దుప్పులు, కుందేళ్లు, వాటితోపాటు ఒక పరుగుకుక్కల గుంపు ఉండేవి. ఆ కుక్కలవి పొడవాటి కాళ్లు, సన్నటి నడుము, పలచటి ఒళ్లు. వాటిలో చామంతి అనే పసుపురంగు ఆడకుక్క మహా చురుకైనది.

సముద్రం అవతల మంచుకొండల దేశంలో ఏటా మేలుజాతి కుక్కల పోటీ జరిగేది. ఏ కుక్క తన జాతికి తగ్గట్టుగా ఉందో చూసి, అన్నిటిలోకీ మేలైనదానికి పూలదండ వేసేవారు. తంగేడుకోన కుక్కల పేరు అక్కడ ఎవరూ విననే లేదు.

చామంతి అమ్మమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది. "మన గుంపులో ఏడుగురమే మిగిలాం. ఇలాంటివాళ్లం ఉన్నామని లోకానికి తెలియాలి. వెళ్లిరా తల్లీ" అంది.

చామంతి ఓడెక్కి ఆ దేశం చేరింది. అక్కడి కుక్కలు ఆమె డొక్కలు చూసి, పాపం తిండికి కరువేమో అనుకున్నాయి. ఒక ముసలి కుక్క తన ఎముకను ఆమె ముందుకు తోసింది. మా ఒళ్లే ఇంతనీ, పరుగెత్తడానికే ఇలా పుట్టామనీ చామంతి సిగ్గుపడుతూ చెప్పుకుంది.

పోటీ జరిగే మైదానం కొండకు అవతల ఉంది. కుక్కలన్నీ కలిసి బయలుదేరాయి. వాటిలో ధవళుడు, గుబురుడు అనే అన్నదమ్ములు ఉన్నారు. ఇద్దరూ కొండజాతి బొచ్చుకుక్కలే. ధవళుడి తెల్లటి బొచ్చు నేలను తాకేది. పోటీ కోసం మూడు నెలలుగా అతను మట్టిలో కూర్చోలేదు. గుబురుడు కూడా ఈసారి ఎలాగైనా దండ గెలవాలని రోజూ బొచ్చు దువ్వుకున్నాడు.

మధ్యాహ్నానికి మంచుగాలి మొదలైంది. దారి కనిపించక అందరూ చెల్లాచెదురయ్యారు. చామంతి, ఆ అన్నదమ్ములు మాత్రం ఒకచోట మిగిలారు. చామంతి కాళ్లు తిమ్మిరెక్కి, అడుగు పడక కూలబడింది.

"అన్నా, కాసేపు నీ పక్కన పడుకోనిస్తావా? ఒళ్లు కొయ్యబారిపోతోంది" అని ధవళుణ్ణి అడిగింది.

ధవళుడు తడి నేలను చూశాడు, తన బొచ్చునూ చూసుకున్నాడు. "రేపే పోటీ కదమ్మా. ఏమీ అనుకోకు" అని, ఒక బండ కిందికి వెళ్లి నిలబడ్డాడు.

చామంతి కళ్లు మూతపడుతున్నాయి. అప్పుడు ఎవరో ఆమె చుట్టూ వెచ్చగా చుట్టుకున్నారు. చూస్తే గుబురుడు.

"నీ బొచ్చు పాడైపోతుంది అన్నా."

"అవుతుంది. నువ్వు పడుకో చెల్లీ."

గాలి తగ్గేదాకా అతను కదల్లేదు. ఆమె పాదాలను తన పొట్ట కింద పెట్టుకుని వెచ్చబరిచాడు. లేచేసరికి అతని బొచ్చంతా బురదతో ఉండలు కట్టింది. మరునాడు ముగ్గురూ మైదానం చేరేసరికి కూడా ఆ చిక్కులు విడలేదు.

పోటీలో తీర్పు చెప్పే పెద్ద, దేశదేశాలు తిరిగిన ఒక ముసలి కొంగ. ధవళుణ్ణి చూసి అందరూ మురిసిపోయారు. కొంగ గుబురుడి దగ్గర ఆగి, ఇదేమిటని అడిగింది. మంచులో జారిపడ్డానని గుబురుడు తల వంచుకుని చెప్పాడు.

చామంతికి మనసు ఊరుకోలేదు. తన వంతు రాకముందే వరస దాటితే పోటీలో చోటు పోతుంది. అమ్మమ్మ ముఖం గుర్తొచ్చింది. అయినా దాటి ముందుకొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

కొంగ ధవళుడి వైపు తిరిగింది. అతను కాదనలేకపోయాడు.

"కొండకుక్కకు ఇంత బొచ్చు ఎందుకో తెలుసా నాయనా?" అంది కొంగ. "మంచులో పడినవాళ్లను వెచ్చగా కాపాడేవారు మీ తాతలు. వాళ్ల పోలిక నాకు నీ తమ్ముడిలోనే కనిపిస్తోంది."

దండ గుబురుడి మెడలో పడింది. కొంగ చామంతిని చూసి, "వరస తప్పావు కాబట్టి నీకు పోటీలో చోటు లేదమ్మా. కానీ తంగేడుకోన కుక్కలు ఎలాంటివో, నేను వెళ్లిన ప్రతి దేశంలోనూ చెబుతాను" అంది. చామంతి కళ్లు చెమర్చాయి.

ఆమె తిరుగు ప్రయాణం నాడు మళ్లీ మంచుగాలి లేచింది. ఎవరూ పిలవకుండానే ధవళుడు వచ్చి, గాలి కొట్టే వైపున ఆమె పక్కన నడిచాడు. ఓడ దగ్గరికి చేరేసరికి అతని బొచ్చంతా మంచుగడ్డలు. చామంతి ఒంటి మీద మాత్రం ఒక్క మంచు పలుకు కూడా లేదు.

నీతి: పుట్టుకతో వచ్చిన గొప్పదనం, ఆపదలో ఉన్నవారికి అక్కరకు వచ్చినప్పుడే గొప్పదనం అనిపించుకుంటుంది.