తాళం వేసిన తలుపు

చెంచమ్మ గాలిసత్రానికి వచ్చింది తుపాకీ నేర్చుకోవడానికి. ఇన్నాళ్లూ నేర్చుకున్నది తలుపు తీయడం.

ఎర్రమెట్ట అనే ఆ చిన్న లోకంలో పీల్చడానికి గాలి లేదు. ఉన్న కాస్తా దుమ్ము ఎగరేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నేల కింద మంచు ఉంది, రాళ్లలో లోహం ఉంది. లోహం కోసం కంపెనీ వచ్చింది. కంపెనీ వెంట కూలీలు, కూలీల వెంట తుపాకులు వచ్చాయి. వీపున గాలి సీసా, నడుముకి తుపాకీ లేకుండా అక్కడ ఎవరూ గడప దాటరు. తిరగడానికి ఇనప గుర్రాలున్నాయి. నాలుగు కాళ్లున్నాయి కాబట్టి గుర్రాలన్నారు గానీ, వాటి నడక చూస్తే ఒంటెకి కూడా నవ్వొస్తుంది.

కంపెనీ ఠాణాకీ గనులకీ మధ్య దారిలో నాగుల్‌మీరా తాత సత్రం ఉంది. తాత ఫకీరు. మంచు తవ్వి, కరిగించి, అందులోంచి గాలి తీసి, దారిన పోయేవాళ్లకి ఊరికే ఇస్తాడు. మనం దాహమన్నవాడికి నీళ్లు పోస్తాం. అక్కడ ఊపిరి పోస్తారు. ఎర్రమెట్టలో అది నిజంగా చేసే పని.

సత్రానికి రెండు తలుపులు, వాటి మధ్య చిన్న గది. బయటి తలుపు తీసే చక్రం లోపలే ఉంటుంది. ఎవరైనా తట్టగానే చక్రం తిప్పాలి, ఆ మనిషిని మధ్యగదిలోకి రానిచ్చి గాలి వదలాలి, "ఊపిరి తీసుకో" అనాలి. అతను గుండె నిండా పీల్చి వదిలాకే "ఎవరు?" అని అడగాలి. అంతకుముందు ఆ మాట నోట రాకూడదు. సత్రంలో ఉన్న కట్టుబాటు అదే.

వచ్చినవాళ్లు తుపాకీని మధ్యగదిలో కొయ్యకి తగిలిస్తారు. ఆ కొయ్యకి అందరికంటే ముందు తగిలించిన తుపాకీ తాతదే. మళ్లీ ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఒకప్పుడు నాగుల్‌మీరా వస్తున్నాడంటే గనుల్లో గొడవలు వాటంతటవే సర్దుకునేవని పాతవాళ్లు చెబుతారు.

అది వినే చెంచమ్మ వచ్చింది.

ఆమె అన్న ఓబులేసు కంపెనీ ఠాణా తలుపు ముందు చచ్చిపోయాడు. దుమ్ముగాలిలో దారి తప్పి, సీసా ఖాళీ అయి, పాక్కుంటూ వెళ్లి తలుపు తట్టాడు. లోపలినుంచి ఠాణేదారు శేషగిరి, "ఎవరు? బిళ్ల నంబరు చెప్పు" అన్నాడు. ఓబులేసు మెడలో కంపెనీ బిళ్ల ఉంది. నంబరు పలకడానికి ఊపిరే లేదు. శేషగిరి మళ్లీ అడిగాడు. రూలు ప్రకారం అడిగాడు కాబట్టి అతని తప్పేమీ లేదని కంపెనీ తేల్చేసింది.

శేషగిరిని కాల్చాలి. చెంచమ్మకి వేరే కోరికంటూ లేదు.

తాతేమో పొద్దున్నే ఆమె చేతికి ఇత్తడి తాళాలు ఇచ్చేవాడు. "నేను తత్వం పాడతా, నువ్వు తాళం వెయ్యి" అనేవాడు. చెంచమ్మ మనసు ఎక్కడో ఉండేది. పాట మొదలైపోయాక ఉలిక్కిపడి తాళం అందుకునేది.

"ఎత్తుగడలో జాగు చేశావమ్మాయ్" అనేవాడు తాత, రోజూ.

"తుపాకీ ఎప్పుడు నేర్పుతావు తాతా?"

"తలుపు తీయడం వచ్చిందా?"

"చక్రం తిప్పడమేగా! అందులో రాకపోవడానికేముంది?"

తాత నవ్వి మంచు తవ్వడానికి వెళ్లిపోయేవాడు. ఆ నవ్వు చూస్తే చెంచమ్మకి ఒళ్లు మండిపోయేది.

ఒక పొద్దున తలుపు తట్టిన చప్పుడైంది. చెంచమ్మ చక్రం తిప్పింది, గాలి వదిలింది, అలవాటుగా "ఊపిరి తీసుకో" అంది. వచ్చిన మనిషి హెల్మెట్ తీశాడు. శేషగిరి.

అతను తుపాకీ కొయ్యకి తగిలించలేదు. తిన్నగా లోపలికొచ్చి తాత ముందు ఒక ఉక్కు తాళంకప్ప దబ్బున పెట్టాడు. కొబ్బరికాయంత ఉంది. పక్కనే తాళంచెవి పడేశాడు.

"ఇకమీదట బిళ్ల లేనివాడికి గాలి లేదు. కంపెనీ ఆర్డరు. నువ్వు ఊరికే పోస్తుంటే మా మాట ఎవడు వింటాడు? తలుపుకి తాళం వెయ్యి. బిళ్ల చూపించినవాడికే తీయి."

తాత తాళంకప్పని రెండు చేతులా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి ఉక్కు" అన్నాడు.

"కంపెనీ ఉక్కు. తూటా దిగదు. సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి మళ్లీ వస్తాను. తాళం వేసి కనిపించకపోతే నిన్ను బయట పెట్టి నేనే వేస్తాను."

"ఎందుకయ్యా నీకా శ్రమ? నేనే వేస్తాను. తాళం వెయ్యడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే."

శేషగిరి మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. బయట ఆగి ఉన్న తన మనుషులిద్దరినీ వెంటేసుకుని గుర్రమెక్కాడు.

చెంచమ్మ తాత మీద విరుచుకుపడింది. "వేస్తానంటావా? వాడు నోరు తెరవగానే బుద్ధిగా సరేనంటావా? గనుల్లో పనిలోంచి తీసేసినవాళ్లకి బిళ్లలుండవు, వాళ్ల పిల్లలకుండవు. వాళ్లందరూ ఎక్కడికి పోవాలి? ఇప్పుడైనా నాకు గన్ను ఇయ్యి తాతా. వాడు తిరిగొచ్చేలోపు నేర్పు."

"గన్నా? సరే, పట్రా."

ఆమె కొయ్య దగ్గరికి పరిగెత్తింది.

"అది కాదమ్మాయ్. వెల్డింగు గన్ను."

ఇద్దరూ సీసాలు తగిలించుకుని బయటికెళ్లారు. తాత బయటి తలుపుకి ఒక ఇనప కొక్కెం అతికించాడు. తాళంకప్పని తెరిచి, కొక్కేనికి వేలాడదీసి, మూసేశాడు. దానికింద తలుపు మీద దళసరి రేకు ముక్క ఒకటి అతికించాడు. చెంచమ్మని లోపలికెళ్లమని సైగ చేశాడు. ఆమె వెళ్లి నిలబడింది.

ఠంగు!

సత్రమంతా మోగింది. మూలనున్న ఇత్తడి తాళాలు కూడా సన్నగా జలదరించాయి.

అప్పటిదాకా వచ్చినవాళ్లు చేతి తొడుగులతోనో, రాయితోనో తట్టేవాళ్లు. ఓపిక లేనివాళ్లు తడితే లోపలికి వినిపించేది కాదు. ఒకసారి అలాగే ఒక మనిషి తలుపు దగ్గరే పోయాడు. ఆ రోజు తాత పాడలేదు, తినలేదు. ఇప్పుడీ తాళాన్ని పసిబిడ్డ కదిపినా వినిపిస్తుంది.

చెంచమ్మకి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. శేషగిరి వచ్చాడు. చెంచమ్మ కిటికీ గాజులోంచి చూస్తోంది. అతను గుర్రం దిగి, తలుపు మీద వేలాడుతున్న తాళంకప్పని చూశాడు. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరిగి చూశాడు. అతని మనుషులిద్దరి భుజాలూ కదులుతున్నాయి. నవ్వు ఆపుకోలేకపోతున్నారని గాజు వెనకనుంచే తెలుస్తోంది.

తలుపు పక్కన మాట్లాడే రేకు ఒకటుంది. హెల్మెట్ దానికి ఆనిస్తే మాట లోపలికి వినిపిస్తుంది. శేషగిరి హెల్మెట్ ఆనించి అరిచాడు. "ఏమిటిది ముసలోడా?"

"తాళం వెయ్యమన్నావు, వేశాం" అన్నాడు తాత. "బాగా పలుకుతోంది. నువ్వూ ఓసారి వేసి చూడు."

శేషగిరి వెనక్కి రెండడుగులు వేసి తుపాకీ తీశాడు. తాళంకప్పకి గురిపెట్టి కాల్చాడు.

మంచి ఉక్కు. తూటా దిగలేదు. తగిలి, తిరిగి, అతని భుజం మీది గాలిగొట్టాన్ని చీల్చుకుంటూ పోయింది. తెల్లటి ఆవిరి బుస్సుమని పైకి లేచింది.

అతని మనుషులు పరిగెత్తుకొచ్చారు. వచ్చి, చేతులు చాచి అలాగే నిలబడిపోయారు. కంపెనీ సీసాలు ఒకరివి ఇంకొకరికి పనిచేయవు. ఎవరి బిళ్లకి వాళ్ల సీసా. ఒకరి గాలి ఇంకొకరికి ఇవ్వకూడదని కంపెనీయే అలా చేయించింది. ఠాణా చూస్తే కనుచూపు మేరలో లేదు.

శేషగిరి తలుపు మీద పడ్డాడు. తడుముకుని తాళంకప్ప పట్టుకున్నాడు.

ఠంగు!

చెంచమ్మ చెయ్యి చక్రం మీదే ఉంది. తిప్పలేదు. మాట్లాడే రేకు దగ్గరికి నోరు చేర్చి, ఆ మాటని ఎన్నాళ్లనుంచో నమిలి దాచుకున్నట్టు, మెల్లగా అంది.

"ఎవరు? బిళ్ల నంబరు చెప్పు."

గాజు అవతల అతని పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఠంగు.

తుపాకీ అక్కర్లేదు, నేర్చుకోనే అక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. ఒంటినిండా సంతోషంలాంటిదేదో పాకింది. అది సంతోషమేనా అని చూసుకోవడానికి కూడా ఆమెకి భయమేసింది.

తాత వెనకనుంచి వచ్చాడు. ఆమెని నెట్టలేదు, చక్రం ముట్టుకోలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, ఆమె రెండో చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"శేషగిరి చెప్పిన పని నాకు చేతకాలేదమ్మాయ్. నువ్వు చేస్తున్నావు. ఇది నీ దగ్గరుండాలి."

అని మూలకెళ్లి తన చోట కూర్చున్నాడు.

చెంచమ్మ గుప్పిట తెరిచి చూసింది. తాళంచెవి మీద కంపెనీ ముద్ర ఉంది. బయట చప్పుడు వినిపించింది. చాలాసేపు ఆగి మళ్లీ వినిపించింది. ఈసారి మరీ సన్నగా ఉంది. అన్న కూడా ఇలాగే కొట్టి ఉంటాడు.

"నీ కంపెనీ తగలెయ్య!" అని గొంతు చించుకుని అరిచి, చక్రం తిప్పింది.

శేషగిరి మధ్యగదిలో బోర్లా పడ్డాడు. తలుపు మూసి గాలి వదిలి, ఆమె లోపలికెళ్లి అతని హెల్మెట్ ఊడలాగింది. మొహం నీలం తిరిగిపోయింది. ఆమె పళ్లు బిగబట్టింది.

"ఊపిరి తీసుకో."

అతను పీల్చాడు. దగ్గాడు. మళ్లీ పీల్చి వదిలాడు. అప్పుడు అడిగింది.

"ఎవరు?"

"శేషగిరి" అన్నాడు. బిళ్ల నంబరు చెప్పలేదు.

"నేను ఓబులేసు చెల్లెల్ని."

అతను తలెత్తలేదు. ఆమె అతని నడుమునుంచి తుపాకీ తీసి కొయ్యకి తగిలించింది. చిరిగిన గొట్టం తనే అతికించింది. ఖాళీ సీసా తాత నింపి తెచ్చాడు.

అతను బయల్దేరేటప్పుడు చెంచమ్మ కొయ్యమీది తుపాకీ తీసి, పిడి అతని వైపు తిప్పి ఇచ్చింది. అతను అందుకున్నాడు. ఆమె ఎదురుగానే నిలబడింది, పక్కకి జరగలేదు. కాసేపటికి అతను దాన్ని ఒరలో పెట్టుకున్నాడు.

"కంపెనీ ఊరుకోదు" అన్నాడు నేల చూస్తూ. "నన్ను తీసేసి ఇంకొకణ్ణి పంపిస్తుంది."

"పంపనియ్. వచ్చి తట్టమను."

తాళంచెవి అతని చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది మీ కంపెనీకి ఇచ్చెయ్. తాళం మాకు పనికొస్తోంది."

బయటి తలుపు మూసుకుంది. ఇనప గుర్రాలు దుమ్ములో కలిసిపోయేదాకా ఆమె గాజు దగ్గరే నిలబడి చూసింది. తర్వాత వచ్చి తాత ముందు కూర్చుంది. ఆయన ఏమైనా అంటాడేమోనని చూసింది.

తాత ఇత్తడి తాళాలు ఆమె వైపు జరిపాడు.

"ఎత్తుగడలో జాగు చేశావమ్మాయ్."

చెంచమ్మ తల వంచుకుని తాళాలు అందుకుంది. తాత గొంతు సవరించుకున్నాడు.

ఠంగుమంది తలుపు.

ఆ మోత ఇంకా గోడల్లో ఉండగానే, చక్రం తిరుగుతోంది.