భయం చెప్పిన సుంకులమ్మ

అనగనగా, కొండలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే రోజుల్లో, ఎర్రగుండు అని ఒక నిట్టనిలువు బండ ఉండేదట. దాని కింద ఒక చిన్న పల్లె. ఆ బండ మీద రాతిపువ్వు పూసేది. పువ్వంటే తల్లో తురుముకునేది కాదు నాయనా, కూరలో వేసుకునే బూడిదరంగు పొట్టు. దాన్ని గీకి, ఎండబెట్టి, సంతలో ఇచ్చి జొన్నలు తెచ్చుకునేవాళ్ళు. బండ ఎక్కితేనే బువ్వ.

ఆ పల్లెకు ఒక కట్టడి ఉండేది. బండ దగ్గర ‘భయం’ అన్న మాట నోట రాకూడదు. వస్తే బండ మీది గుట్టమ్మ అలిగి కిందికి తోసేస్తుందట. ఆ కట్టడి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అయినా అందరూ నోళ్ళు కుట్టుకునే ఎక్కేవాళ్ళు.

ఒకనాడు మారెప్ప అనేవాడు బండ మధ్యలో ఆగిపోయాడు. అలుపు తీర్చుకుంటున్నాడులే అనుకున్నారు కిందివాళ్ళు. అతను నోరు విప్పలేదు. సత్తువ ఉన్నంతసేపు పట్టుకున్నాడు, ఆపైన పడిపోయాడు.

మారెప్ప పెళ్ళాం సుంకులమ్మ. ఆమెకిక మిగిలింది ఒక్కతే కూతురు, తిప్పక్క. ఆ పిల్ల ఉడతలా ఎక్కేది. సుంకులమ్మకేమో పీట ఎక్కినా కళ్ళు తిరిగేవి. కింద కూర్చుని రాతిపువ్వు ఆరబెట్టేదే గాని బండను ముట్టుకునేది కాదు. కూతురు పైన ఉన్నంతసేపు ఆమెకు ముద్ద దిగేది కాదు. రేపు నా పిల్ల కూడా మధ్యలో ఆగిపోతే? ఎవరు పోయి తెస్తారు? ఆ దిగులుతోనే పడుకునేది, ఆ దిగులుతోనే లేచేది. చివరికి తానే ఎక్కడం నేర్చుకుందామనుకుంది.

మొదటి ఏడాది మనిషెత్తు ఎక్కింది. అరచేతులకు పొయ్యిలో బూడిద రాసుకుని, కాలి బొటనవేలు పగుల్లో దూర్చి, “భయమైతాంది గుట్టమ్మా” అంది. భయం పోలేదు. పోకపోయినా ఇంకొక పట్టు పైకి వేసింది.

పల్లె ఉలిక్కిపడింది. మారెప్ప అన్న లింగప్ప ఊగిపోతూ వచ్చాడు.

“ఆ మాట అనగూడదని తెలీదా నీకు?”

“తెలుసు బావా. అనకుంటే కాళ్ళు వణుకుతాండాయి. అంటే రవ్వంత నిలబడతాండాయి.”

“నువ్వు పడేది కాక మమ్మల్ని గూడా పడేస్తావు” అని విసుక్కుని పోయాడు.

రెండో ఏడు తాటిచెట్టంత ఎత్తు ఎక్కింది. ఇంట్లో దూలం పట్టుకుని వేలాడి వేళ్ళను గట్టి చేసుకుంది. బొబ్బలు చిట్లితే పసుపు అద్దుకుంది. ఎక్కినంత మేరా దిగి చూసుకుంది. దిగడమే అసలు కష్టం, పాదాలకు కళ్ళుండవు కదా. “భయమైతాంది గుట్టమ్మా” అంది. భయం పోలేదు. పోకపోయినా ఇంకొక పట్టు పైకి వేసింది.

“మ్మా, అందరూ నవ్వుతాండారు. ఎక్కితే ఎక్కు, ఆ మాట మాత్రం అనొద్దు” అంది తిప్పక్క.

“నవ్వనీలే” అంది సుంకులమ్మ. పరాయివాళ్ళు నవ్వితే పట్టించుకోలేదు గాని, కూతురు సిగ్గుపడితే మాత్రం మనసు చివుక్కుమంది.

మూడో ఏడు బండ నడుమనున్న రాతి అరుగు దాకా వెళ్ళింది. భయం పోలేదు. పోకపోయినా వెళ్ళింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక తిప్పక్క ఆ అరుగు కూడా దాటింది. అంత పైకి పోయినవాళ్ళు పల్లెలో ఎవరూ లేరు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. పోతూ పోతూ పిల్ల ఆగింది.

“అలుపు తీర్చుకుంటాంది” అన్నారెవరో.

ఈ మాట సుంకులమ్మ ఇదివరకే విన్నది. చేతిలో చేట పడేసి బండ దగ్గరికి పరిగెత్తింది.

“తిప్పక్కా, భయమైతాందా?”

జవాబు లేదు.

బూడిద కూడా మరిచిపోయి ఎక్కింది. చెమటకు వేళ్ళు జారుతున్నాయి. మనిషెత్తు దాటింది, తాటిచెట్టెత్తు దాటింది, అరుగు దాటింది. ఆపైన ఆమెకు తెలిసిన పట్టు ఒక్కటీ లేదు. “భయమైతాంది, భయమైతాంది” అంటూ తడుముకుంటూనే పోయి కూతురి పాదాల కిందికి చేరింది.

పిల్ల వేళ్ళు పగుల్లో బిగుసుకుపోయాయి. పళ్ళు కరుచుకుని ఉంది.

“సెప్పు బిడ్డా” అంది తల్లి.

తిప్పక్క తల అడ్డంగా ఊపింది.

“మీ నాయన గూడా సెప్పలే. అలిగితే గుట్టమ్మను నామింద అలగనీ. నువ్వు సెప్పు.”

చాలాసేపటికి పిల్ల పెదవి కదిలింది. “భయమైతాందిమ్మా” అని భోరుమంది. ఏడ్చాక వేళ్ళు కాస్త వదులయ్యాయి.

“నాకూ అంతే. కుడికాలు ఇటియ్యి.”

సుంకులమ్మ ఒంటిచేత్తో బండను పట్టుకుని, రెండో చేత్తో కూతురి మడమ పట్టి పగుల్లో పెట్టింది. తర్వాత ఎడమకాలు. తర్వాత తానొక పట్టు దిగింది. అలా పొద్దు వాలేదాకా దిగుతూనే ఉన్నారు. గుట్టమ్మ ఎవర్నీ తోయలేదు.

కింద లింగప్ప నేల మీద కూలబడి ఉన్నాడు. “ఆ పొద్దు నా తమ్ముడు ఒక్క మాట అనుంటే నేనే పోయి తెచ్చుందును గదమ్మా” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ను ఎవరూ ఓదార్చలేకపోయారు.

సుంకులమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎక్కింది. భయం మాత్రం చివరిదాకా పోలేదు. ముసలిదై, ఇంట్లో చాప మీద, కూతురి పక్కనే కన్నుమూసింది.

ఇప్పటికీ ఎర్రగుండు మీద చెయ్యేసేవాళ్ళు ముందుగా “భయమైతాంది సుంకులక్కా” అని గట్టిగా అంటారట. “ఇన్నాం, పో” అని కిందివాళ్ళు బదులిస్తారు. పైవాళ్ళు దిగేదాకా అక్కణ్ణించి ఎవరూ కదలరు. ఎవడైనా రొమ్ము విరుచుకుని నాకేం భయం లేదన్నాడా, వాణ్ణి ఆ పూట ఎక్కనివ్వరు. ఇంటికి పోయి రేపు రమ్మంటారు.