తడిసిన మెట్టు

కనుమ అవతలి ఊరినుంచి వచ్చిన కబురు బౌద్ధ భిక్షువు పల్దన్‌కి మింగుడుపడలేదు. అక్కడ కొత్తగా మఠం కట్టుకుంటున్నారట. పిల్లలకి పాఠం చెప్పడానికి అతన్ని పంపమంటున్నారట.

అతని మఠం పోయిన చలికాలం మంచుచరియలు పడి సమాధి అయిపోయింది. బార్లీపిండి తేవడానికి లోయలోకి దిగాడు కనుక అతనొక్కడూ బతికాడు. ఆ మఠం మంత్రపాఠం ఇప్పుడు భూమ్మీద అతని ఒక్కడి నోటే ఉంది. అప్పట్నుంచీ హిమాలయాల్లోని స్పితిలో, అంగ్దుయి లామా పంచన తలదాచుకుంటున్నాడు.

"నావల్ల కాదు గురువుగారూ. పెద్దవాళ్ళంతా పోయారు. ఒంటికాయ శొంఠికొమ్ముని, నాతో ఏమవుతుంది? వాళ్ళు పోయారని వాళ్ళ చోట నేను పీటేసుకుని కూర్చోనా?"

లామా గుమ్మంవైపు చూశాడు.

"గుమ్మం ముందు మెట్టు దుమ్ముకొట్టుకుపోయింది. కాస్త కడుగు," అన్నాడు.

పల్దన్ కుండెడు నీళ్ళు తెచ్చి గుమ్మరించాడు. బూడిదరంగు రాయి తడిసి నల్లబడింది. ఆ నలుపులోంచి తెల్లటి గీతలు పైకి తేలాయి. గీతలు కావు, చిప్పలు! జానెడేసి పొడవున, ఒకదాన్నొకటి ఒరుసుకుని, గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. రోజూ తొక్కే రాయే.

"ఇంత కొండమీద ఆలిచిప్పలా?"

"అప్పుడిది సముద్రం," అన్నాడు లామా. రాళ్ళు చూడ్డానికి ఏటా వచ్చే పండితులు ఆయన దగ్గరే టీ తాగి, ఈ కథ చెప్పి పోయేవారు. "ఒకసారి సముద్రాల్లో ప్రాణులు చాలామట్టుకు తుడిచిపెట్టుకుపోయాయి. పగడపు దిబ్బలన్నీ పాడుబడ్డాయి. ఆ తర్వాత దిబ్బలు కట్టినవాటిలో ఇవీ ఉన్నాయి. వీటి పిల్లలు ఆవగింజకన్నా చిన్నవి. దారి తెలీదు. నీరు ఎటు తీసుకుపోతే అటు పోయాయి. మొరాకోలో ఉన్నాయట. పెరూలోనూ ఉన్నాయట."

పల్దన్ మోకాళ్ళమీద కూలబడి ఒక చిప్పని వేలితో తడిమాడు. ఆవగింజంత ప్రాణం, అన్ని సముద్రాలు!

"వెళ్ళినచోట దేన్ని పట్టుకుని నిలబడ్డాయి?"

"ముందు చచ్చినదాని చిప్పని."

"మరి మొట్టమొదట వచ్చినదానికో?"

"బురద."

రాయి ఆరేదాకా పల్దన్ కదల్లేదు. చిప్పలు ఒక్కొక్కటే మాసిపోయి, మళ్ళీ మామూలు మెట్టయింది.

మర్నాడు పొద్దున్నే మూట భుజాన వేసుకుని కనుమ అవతలికి బయల్దేరాడు. గుమ్మం దాటి మెట్టు దగ్గరికి వచ్చేసరికి కాలు ఆగిపోయింది. తొక్కబుద్ధి కాలేదు. దాన్ని తప్పించి దూకబోయాడు.

"కాలు పెట్టు నాయనా," అన్నాడు లామా లోపల్నుంచి. "వాటికది అలవాటే."