పదిహేడో నంబరు జాంబీ

విజయనగరం దగ్గర ఒక పాత బియ్యం మిల్లులో సినిమా షూటింగు పనులు చూసే కోదండం అనే అసిస్టెంట్ డైరెక్టరుకి, చిన్న వేషాలవాళ్లను పేరు పెట్టి పిలవడమంటే నామోషీగా ఉండేది.

అది భయపెడుతూనే నవ్వించే జాంబీల సినిమా. జాంబీ అంటే చచ్చి లేచి, తూలుతూ మనుషుల మీదికొచ్చే శవం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మందిని తెచ్చి, ముఖాలకు రబ్బరు తొడుగులు అంటించి, ఒంటికి బూడిద రంగు పూసి, చొక్కాలకు నంబర్లు కుట్టారు.

“పన్నెండూ, ఇటు తూలు! ముప్పయ్యీ, నవ్వెందుకొస్తోంది? నువ్వు చచ్చి మూడ్రోజులైంది!” అని కోదండం అరుస్తుండేవాడు.

అసలే మే నెల. పదిహేడో నంబరు చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ పొద్దున్నే అతని దగ్గరికొచ్చింది.

“బాబూ, గొంతెండిపోతంది. సుక్క నీళ్లిప్పించు” అంది.

నీళ్లు తాగితే మూతి దగ్గర తొడుగు ఊడుతుంది. మళ్లీ అంటించాలంటే గంట పడుతుంది.

“జాంబీలకి దాహమేంటమ్మా? చచ్చినవాళ్లకి నీళ్లు భోజనాలప్పుడే” అన్నాడు కోదండం. అందరూ నవ్వారు. పాపం, ఆవిడ కూడా నవ్వి ఊరుకుంది.

మిట్టమధ్యాహ్నం డైరెక్టరు “యాక్షన్!” అన్నాడు. జాంబీలు కదిలారు. పదిహేడు మాత్రం వరస తప్పింది. అందరికంటే బాగా తూలింది. కళ్లు తేలేసింది. కెమెరా దాటి వచ్చి, కోదండం చెయ్యి పట్టుకుని కుప్పకూలింది.

“అబ్బ, ఏం నటన!” అని డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోదండం మాత్రం నవ్వలేదు. ఆవిడ చెయ్యి పెనంలా కాలిపోతోంది.

“ఆపండి! ఇది నటన కాదు!” అని అరిచి, ఆవిడ ముఖం మీది తొడుగు పీకేశాడు. “పదిహేడూ! పదిహేడూ, కళ్లు తెరువు!”

నంబరుకు ప్రాణం పలుకుతుందా? ఆవిడ పలకలేదు.

“ఈవిడ పేరేంటి?” అని చుట్టూ చూశాడు. ఎవరికీ తెలియదు. వాళ్ల ఊరి నుంచి ఆవిడ ఒక్కతే వచ్చింది. కోదండం జేబులోని కాగితంలోనూ నంబర్లే ఉన్నాయి. ఒక మనిషి తన చేతుల్లో పోతుంటే పేరైనా తెలియదే అని అతనికి ఏడుపొచ్చింది.

ఎవరో బకెట్టుతో నీళ్లు తెచ్చి ఆవిడ మీద గుమ్మరించారు. బూడిద రంగు కారిపోయి, మోచేతి కింద పచ్చబొట్టు బయటపడింది. చిన్నప్పుడెప్పుడో పొడిపించుకున్న వంకర అక్షరాలు.

“వరహాలమ్మా! అమ్మా, వరహాలమ్మా!”

రెప్పలు కదిలాయి. జీపులో ఆసుపత్రికి వెళ్లేంతసేపూ కోదండం తడిగుడ్డతో తుడుస్తూ, ఆ పేరు పిలుస్తూనే ఉన్నాడు.

“ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు” అన్నాడు డాక్టరు.

మూడో రోజుకి వరహాలమ్మ లేచి కూర్చుంది. కోదండం ఆవిడ చేతులు పట్టుకుని, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు.

“పోన్లే బాబూ. మళ్లీ పిలిస్తే వచ్చి సచ్చినట్టే నటిస్తాను. నీళ్లు మాత్రం బతికున్నోళ్లకిచ్చినట్టు ఇయ్యి” అందావిడ.

కోదండం నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ సాయంత్రమే మిల్లుకు వెళ్లి, చొక్కాల మీది నంబర్లన్నీ విప్పించి పేర్లు కుట్టించాడు. మొదటి చొక్కా వరహాలమ్మది.

నీతి: ఏ వేషంలో ఉన్నా మనిషికి ఒక ప్రాణం, ఒక పేరు ఉంటాయి, పని చేయించుకునేవాడు ముందు ఆ పేరు తెలుసుకోవాలి.