తెడ్డుకు ఆనించిన చెవి

ఎల్లాజీకి గురువు పెట్టిన నియమం నలభై రోజుల మౌనం. నోరు విప్పకుండా గడిపితే మంత్రోపదేశం చేస్తానన్నాడు. తప్పితే మళ్లీ మొదటి నుంచి.

ముప్పై తొమ్మిదో రోజున ఒక తల్లి తిమింగలం, పిల్లను వెంటబెట్టుకుని ఆశ్రమం ఎదురుగా ఉన్న సముద్రంలోకి వచ్చింది. భక్తులు చూడాలని ముచ్చటపడ్డారు. ఎల్లాజీ వాళ్లను ఇంజను బోటు ఎక్కించాడు.

"ఇంకాస్త దగ్గరికి పోనీ సామీ! పిల్ల కనబడట్లేదు!"

అతను తల ఊపి, తల్లికీ పిల్లకీ మధ్య నుంచి మూడుసార్లు బోటు తిప్పాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం పలక మీద రాసి గురువుకు చూపించాడు. "అంత గోలలోనూ నోరు విప్పలేదు. రేపటితో పూర్తి."

గురువు దానయ్య ఒకప్పుడు చేపలు పట్టి బతికినవాడు. పొగడడం ఆయనకు అలవాటు లేదు. పలక చదివి పక్కన పెట్టాడు.

"పొద్దున్నే నాటుపడవ తియ్యి. ఇంజను వద్దు, తెడ్లు చాలు."

తెల్లారాక ఇద్దరూ వెళ్లారు. తిమింగలాలు ఇంకా చాలా దూరంలో ఉండగానే గురువు పడవ ఆపించాడు. తెడ్డును నీళ్లలోకి నిలువుగా దించి, పైకొనను శిష్యుడి చెవికి ఆనించాడు.

"మా అయ్య చేపల జాడ ఇలాగే పట్టేవాడు. విను."

మొదట ఏమీ లేదు. తర్వాత కర్రలోంచి సన్నగా ఒక కూత వచ్చింది. కాస్త ఆగి, లోతైన గొంతు ఒకటి బదులు పలికింది. మళ్లీ సన్నది. మళ్లీ లోతైనది. ఎల్లాజీ కళ్లు మూసుకున్నాడు.

ఇంతలో పక్క ఊరి నుంచి జనాన్ని ఎక్కించుకుని ఒక బోటు వచ్చింది. తెడ్డు నిండా ఇంజను మోత. కూత లేదు, బదులు లేదు. బోటు తిమింగలాల వైపు తిరిగింది.

ఎల్లాజీ గురువును చూశాడు. ఆయన కదల్లేదు.

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. "ఇంజను ఆపండ్రా! పిల్లతల్లి ఉందక్కడ! ఆపండి!"

"మౌనం సామి మాట్లాడాడ్రోయ్!" అని బోటులో ఎవరో నవ్వారు. అయినా ఇంజను ఆగింది.

ఎల్లాజీ కూలబడి తెడ్డుకు చెవి ఆనించాడు. సన్నని కూత ఒక్కటే వినిపిస్తోంది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి తల్లి పలికింది.

అతను తల ఎత్తాడు.

"వ్రతం చెడిపోయింది గురువుగారూ."

"చెడింది నిన్న" అంటూ గురువు రెండో తెడ్డు అందుకున్నాడు. "ఇవాళ మొదలైంది."